పాలిషా, వ్యాక్సా? ఇంటి దగ్గర కారు మెరుపుకు ఏది ఎంచుకోవాలి

కారు కొని రెండు మూడేళ్లు గడిచేసరికి కొత్తలో ఉన్న మెరుపు తగ్గిందని అనిపించడం సహజం. అప్పుడు చాలామంది ఆన్‌లైన్‌లో ఎక్కువ నక్షత్రాలున్న డబ్బా ఒకటి తెప్పించి, ఆదివారం పొద్దున బానెట్ మీద రుద్దడం మొదలుపెడతారు. అందులో ఉన్నది పాలిషో, వ్యాక్సో, కాంపౌండో పట్టించుకోరు. అన్నీ మెరిపించేవే కదా అనుకుంటారు. కానీ కాంపౌండ్ (అంటే ముతక పాలిష్), పాలిష్ రెండూ పెయింటును అరగదీసి మెరిపిస్తాయి. వ్యాక్స్ పెయింటు మీద పొర వేసి మెరిపిస్తుంది. ఒకటి తీసే పని, ఇంకొకటి వేసే పని. తీయాల్సిన చోట వేసినా, వేయాల్సిన చోట తీసినా డబ్బూ శ్రమా రెండూ దండగ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఊళ్లలో రోజూ తిరిగే కార్లలో చాలావాటికి కావాల్సింది పాలిష్ కాదు. ఒళ్లు దగ్గర పెట్టుకుని కడగడం, మూడు నాలుగు నెలలకోసారి ఒక మంచి సీలెంట్, అంటే వ్యాక్స్‌లా పైన పొరగా నిలిచే కృత్రిమ పూత, పూయడం. పాలిష్ మెషిన్ కొనాలన్న ఉబలాటం ఉన్నవాళ్లు కూడా ముందు ఈ రెండూ కుదుర్చుకున్నాకే ఆ వైపు చూడాలి. ఎందుకో పెయింటు మందం చూస్తే అర్థమవుతుంది.

పైపొర ఎంత పల్చనిదంటే

ఇప్పటి కార్లలో రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. అన్నీ కలిపి చాలా కార్లలో 100 నుంచి 150 మైక్రాన్ల మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే మామూలు తల వెంట్రుక కన్నా పల్చన. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కింది రంగును కాపాడేది ఆ పొరే. పాలిష్ చేసిన ప్రతిసారీ అరిగేదీ అదే. అది ఊట లేని బావి, తోడిన నీళ్లు మళ్లీ ఊరవు. మెత్తటి పాలిష్‌తో ఒక విడత పని చేస్తే పోయేది ఒక మైక్రాన్ అటూ ఇటూ. ముతక కాంపౌండ్‌కు ఉన్ని ప్యాడ్ తోడైతే అంతకు కొన్ని రెట్లు పోతుంది.

అందుకే ప్రతి సర్వీసుకూ 'రబ్బింగ్, పాలిషింగ్' అని బిల్లులో కలపబోతే వద్దనండి. కారు మీ దగ్గర ఉన్నంత కాలంలో గట్టి పాలిష్ రెండు మూడు సార్లకు మించకపోతే మంచిది. క్లియర్ కోట్ పూర్తిగా పోయిన చోట పెయింటు తెల్లగా పొక్కులు లేచి పొరలు పొరలుగా ఊడుతుంది. పాత కార్ల టాప్ మీద, బానెట్ మీద ఇది కనిపిస్తూనే ఉంటుంది. దానికి ఏ సీసాలోనూ మందు లేదు, మళ్లీ పెయింటు వేయించాల్సిందే.

ఎవరైనా ఇంట్లో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి పాత కారును ప్రేమగా దాచుకుని ఉంటే లెక్క వేరు. వాటి అసలు పెయింటులో చాలావరకు విడిగా క్లియర్ కోట్ ఉండదు. తెల్ల గుడ్డ మీద కాస్త పాలిష్ వేసి కనపడని మూల రుద్ది చూడండి. గుడ్డకు కారు రంగు అంటితే అది ఒకే పొర పెయింటు. ఆ పెయింటు వెలిసి పొడిపొడిగా అయినప్పుడు మెత్తటి పాలిష్ నిజంగానే ప్రాణం పోస్తుంది. కానీ మీరు తుడిచేస్తున్నది రంగునే అని గుర్తుంచుకుని చేయాలి.

ముందు జబ్బు తెలియాలి

కారును శుభ్రంగా కడిగి ఆరబెట్టాక నీడలో నిలిపి, ఫోన్ టార్చి వెలిగించి బానెట్‌కు జానెడు ఎత్తున పట్టుకోండి. వెలుగు పడిన చుక్క చుట్టూ వలయాలు వలయాలుగా సన్నటి గీతలు కనిపిస్తే అవి స్విర్ల్ గుర్తులు. నల్ల, ముదురు నీలం, ముదురు ఎరుపు కార్ల మీద ఇవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. తెలుపు, వెండి రంగుల మీద ఉన్నా కంటికి ఆనవు. తెల్ల కారు యజమాని కనపడని గీతల కోసం క్లియర్ కోట్ ఖర్చు పెట్టడం ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

ఈ గీతలు రోడ్డు మీద పడేవి కావు, చాలావరకు తుడవడంలో పడేవే. అపార్టుమెంట్లలో తెల్లవారుజామున నెల జీతం మీద కార్లు తుడిచేవాళ్లు ఉంటారు. అర బకెట్ నీళ్లు, ఒక పాత గుడ్డ, వరసగా పదో పదిహేనో కార్లు. మూడో కారు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు మట్టిరంగుకు తిరుగుతాయి. గుడ్డ పిండినా మడతల్లో ఇసుక రేణువులు అలాగే ఉంటాయి. మీది ఏడో కారు అయితే మీ బానెట్ మీద తిరుగుతున్నది ఉప్పుకాగితానికి తమ్ముడే. తప్పు ఆ మనిషిది కాదు, అతనికిచ్చిన సమయం, సరంజామా అలాంటివి. మీ కారుకు విడిగా రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక మగ్గు కొనిచ్చి, రోజూ వద్దు, వారానికి రెండుసార్లు ముందు నీళ్లు పోసి తర్వాత తుడిస్తే చాలని చెప్పండి. జీతం మాత్రం తగ్గించకండి. ఈ మార్పు చేయకుండా పాలిష్ చేయిస్తే నెల తిరిగేసరికి గీతలు మళ్లీ హాజరు.

రెండో పరీక్ష చేత్తో. పల్చటి ప్లాస్టిక్ కవరులో చెయ్యి పెట్టి, కడిగిన పెయింటు మీద మెల్లగా జరపండి. నున్నగా జారితే సరి. గరగరలాడితే ఏదో అతుక్కుని ఉంది: బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను, తారు చుక్కలు, సిమెంటు, చెట్ల జిగురు. దీనికి కావాల్సింది పాలిష్ కాదు, ఇనుప రజనును కరిగించే ఐరన్ రిమూవర్ ద్రవం, అతుక్కున్నదాన్ని పట్టి లాగే బంకమట్టి లాంటి క్లే ముక్క. ఐరన్ రిమూవర్ కొట్టిన రెండు మూడు నిమిషాల్లో ఇనుప రజను ఉన్న చోటల్లా ఊదా రంగు ధారలు కారతాయి. ఆరిపోక ముందే కడిగేయాలి. విశాఖలో రేవుకు దగ్గరగా ఉండేవాళ్లు, రైల్వే లైను పక్కన కారు నిలిపేవాళ్లు ఒక్కసారి ఇది వాడి చూస్తే ఆశ్చర్యపోతారు. క్లే ముక్కను షాంపూ నీళ్లతో తడి చేసి, అసలు బరువు పెట్టకుండా జరపాలి. అది చేతి నుంచి జారి నేల మీద పడిందా, ఇక దాన్ని చెత్తబుట్టలో వేయడమే. ముదురు రంగు కార్ల మీద క్లే కూడా సన్నటి మసక వదులుతుంది, దాని తర్వాత మెత్తటి పాలిష్ అవసరం కావచ్చు. తెల్ల కారైతే నేరుగా వ్యాక్స్‌కు వెళ్లిపోవచ్చు.

మూడోది గోటి పరీక్ష. గీత మీద అడ్డంగా గోరు జరిపితే తగిలి ఆగిందంటే అది క్లియర్ కోట్ దాటి పోయిన గీత, లేదా దాటడానికి సిద్ధంగా ఉన్న గీత. దాన్ని పాలిష్‌తో మాయం చేయాలని చూడకండి. టచప్ పెయింటు పెట్టుకోవచ్చు, లేదా అలా వదిలేయవచ్చు. గోరు జారిపోతే పాలిష్‌కు లొంగుతుంది. గీతలకు టూత్‌పేస్టు రుద్దే చిట్కా ఒకటి ఇంకా తిరుగుతూనే ఉంది. పేస్టులోనూ రాపిడి పొడి ఉంటుంది, కాబట్టి కొంత పని చేసినట్టే కనిపిస్తుంది. పళ్ల కోసం చేసిన పొడి పెయింటుకు ఎంత ముతకో చూసుకునే దారి మాత్రం లేదు.

నీళ్ల సంగతి

మన దగ్గర పెయింటును పాడుచేసేవాటిలో ఎండ తర్వాతి స్థానం బోరు నీళ్లది. కాల్షియం, మెగ్నీషియం లవణాలు నిండిన ఉప్పునీళ్లు ఎండలో ఆరితే ప్రతి చుక్కా ఒక తెల్ల వలయాన్ని వదిలిపోతుంది. కొత్త మరకకు సమానంగా నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్ చాలు. గుడ్డతో అద్ది, ఒకటి రెండు నిమిషాలు ఉంచి, తుడిచి, మళ్లీ కడిగేయాలి. నెలల తరబడి ఎండిన మరక క్లియర్ కోట్‌లోకి దిగి గుంట చేస్తుంది. అప్పుడు పాలిష్ తప్పదు.

ఇంట్లో నీళ్ల ఫిల్టరు వదిలేసే నీటిని బకెట్‌లో పట్టి కారు కడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. నీరు వృథా కాకూడదన్న ఆలోచన మంచిదే, కానీ ఆర్ఓ యంత్రం వదిలేది లవణాలన్నీ పోగైన నీరు. మామూలు బోరు నీటి కన్నా దానిలో లవణాలు ఎక్కువ. ఆ నీళ్లు నేల తుడవడానికి వాడుకోండి. కారుకు ఆఖరి విడత పోయడానికి పనికొచ్చేది ఏసీ పైపు నుంచి కారే నీరు. గాలిలోని తేమ చల్లబడి వచ్చేది కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. ఎండాకాలంలో రాత్రంతా బకెట్ పెడితే కావాల్సినంత వస్తుంది, పల్చటి గుడ్డలో వడకట్టి వాడితే చాలు. హైదరాబాద్‌లో మంజీరా నీళ్లు వచ్చే ఇళ్లవాళ్లకు ఈ బాధ కాస్త తక్కువ.

నీళ్ల రకాన్ని బట్టి వ్యాక్స్ ఎంపిక కూడా మారుతుంది. ఆ సంగతి కింద చెబుతాను.

పాలిష్ చేయాలనే తేలితే: చెయ్యి, డీఏ మెషిన్, రోటరీ

చేత్తో చేసే పాలిష్ చిన్న చోట్లకు సరిపోతుంది. తలుపు పిడి కింద గోళ్ల గీతలు, పిట్ట రెట్ట వదిలిన మచ్చ, పక్క కారు తలుపు రాసుకున్న గుర్తు. నురుగు అప్లికేటర్ మీద బఠాణీ గింజంత పాలిష్ వేసి, జానెడు చోట ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా రుద్దాలి. మెగ్వైర్స్ అల్టిమేట్ కాంపౌండ్ వంటివి చేత్తో వాడినా ఫలితం చూపిస్తాయి. కానీ కారంతా చేత్తో పాలిష్ చేస్తానంటే భుజం నొప్పి తప్ప మిగిలేది లేదు. ఒత్తిడి అన్ని చోట్లా సమానంగా పడదు, ఒక చోట మెరిసి ఇంకో చోట మసకగా ఉంటుంది.

డ్యుయల్ యాక్షన్ మెషిన్, అందరూ డీఏ అనేది, ఇంట్లో వాడుకోవడానికి సరైనది. ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూ, అదే సమయంలో అటూ ఇటూ ఊగుతుంది. ఒకే చోట వేడి పోగుకాదు. గట్టిగా నొక్కితే తిరగడం ఆగి ఊగడం మాత్రమే మిగులుతుంది, అంటే తెలియక చేసినా పెయింటు కాలే ప్రమాదం తక్కువ. వెనుక ప్లేటు అంచు మీద మార్కర్‌తో ఒక నల్ల గీత గీసుకోండి. పని చేస్తుండగా ఆ గీత తిరుగుతూ కనిపిస్తుంటే మీ ఒత్తిడి సరిగ్గా ఉన్నట్టు, నిలిచిపోతే ఎక్కువ నొక్కుతున్నట్టు. ఊగే దూరం 8 మిల్లీమీటర్లున్నవి, 15 ఉన్నవి, 21 ఉన్నవి దొరుకుతాయి. మొదటిసారి కొనేవాళ్లకు 8 గానీ 15 గానీ చాలు. 21 పెద్ద బానెట్ల మీద పని త్వరగా తెముల్చుతుంది గాని, మన చిన్న హ్యాచ్‌బ్యాక్‌ల వంపుల్లో ఇబ్బంది పెడుతుంది.

రోటరీ మెషిన్ ఒకే దిశలో గుండ్రంగా తిరుగుతుంది. డెంటింగ్, పెయింటింగ్ షాపుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. అలవాటైన చేతిలో అద్భుతమైన పనిముట్టు. కొత్త చేతిలో అంచుల దగ్గర రెండు మూడు సెకన్లు ఎక్కువ నిలిచినా క్లియర్ కోట్ తినేస్తుంది. పని అయిన రోజు నీడలో అద్దంలా ఉంటుంది, మర్నాడు ఎండలోకి తీస్తే బానెట్ మీద మెషిన్ నడిచిన దారి మసక చారలుగా కనిపిస్తుంది. షాపులో పాలిష్ చేయిస్తే కారును ఎండలో చూశాకే డబ్బు ఇవ్వండి. డ్రిల్లు మెషిన్‌కు తగిలించే చవక పాలిష్ ప్యాడ్లు కూడా అమ్ముతున్నారు. అది అదుపు లేని రోటరీ తప్ప మరొకటి కాదు. వద్దు.

డీఏతో పనికి క్రమం ఇది. రబ్బరు బీడింగులు, నల్ల ప్లాస్టిక్ భాగాలు, రేకు మడత అంచులు మాస్కింగ్ టేపుతో మూసేయండి. అంచుల మీద పెయింటు ఎప్పుడూ పల్చనే. బానెట్ మీద రెండు అడుగుల చదరం ఎంచుకుని, అన్నిటికన్నా మెత్తటి ప్యాడ్, అన్నిటికన్నా సన్నటి పాలిష్‌తో మొదలుపెట్టండి. నాలుగైదు చుక్కలు చాలు. తక్కువ వేగంలో పరిచి, తర్వాత మెషిన్ వేగం నాలుగో ఐదో నంబరు మీద పెట్టి, చెయ్యి నిదానంగా, సెకనుకు ఒక అంగుళం చొప్పున, ఒకసారి అడ్డంగా ఒకసారి నిలువుగా, నాలుగు నుంచి ఆరు విడతలు. తుడిచి, నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొట్టి మళ్లీ తుడిచి, టార్చితో చూడండి. ఆల్కహాల్ ఎందుకంటే కొన్ని పాలిష్‌లలోని నూనెలు గీతలను నింపి దాచిపెడతాయి, రెండు కడుగుళ్లకు అవన్నీ బయటపడతాయి. గీతలు చాలావరకు పోయి ఉంటే ఆ జోడీతోనే కారంతా చేయండి. పోకపోతే కొంచెం ముతకకు వెళ్లండి. మొదటే కాంపౌండ్ పట్టుకుంటే వెనక్కి రావడం ఉండదు. నూటికి నూరు గీతలూ పోవాలనే పట్టుదలా వద్దు. ఎనభై పోతే కన్ను ఒప్పుకుంటుంది, మిగిలిన ఇరవై కోసం రెండింతలు పెయింటు తీయాల్సి వస్తుంది.

ప్యాడ్లు మాత్రం కనీసం నాలుగు కొనండి. మెషిన్ మీద వేలు పోసి ప్యాడ్ దగ్గర పిసినారితనం చూపేవాళ్లే ఎక్కువ. అరిగిన పెయింటు పొడి నిండిన ప్యాడ్ మెరిపించదు, గీస్తుంది.

పైపూత: ఏ వ్యాక్స్ ఎవరికి

మొదట కార్నూబా. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వచ్చే మైనం ఇది. సహజమైన మైనాల్లో గట్టిది, 82 నుంచి 86 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అచ్చంగా అదే అయితే ఇటుకలా గట్టిగా ఉండి పూయడానికి రాదు. అందుకే నూనెలు, ద్రావకాలు కలుపుతారు. డబ్బా మీద '100 శాతం కార్నూబా' అని ఉంటే, వాడిన కార్నూబా స్వచ్ఛమైనదని అర్థం, డబ్బా అంతా కార్నూబా అని కాదు. ముదురు రంగుల మీద ఇది ఇచ్చే లోతైన, తడి మెరుపును మిగతావి ఇవ్వలేవని నమ్మేవాళ్లలో నేనూ ఒకడిని. కానీ మన ఎండకు ఇది నిలవదు. ఆరుబయట నిలిపే కారు మీద ఎండాకాలంలో నెలా నెలన్నర నిలిస్తే గొప్ప. పెళ్లికో పండక్కో ముందు పూసుకుని ఆనందించడానికి బాగుంటుంది. రోజువారీ రక్షణకు దీన్ని నమ్ముకోవద్దు.

సింథటిక్ సీలెంట్ ప్రయోగశాలలో తయారైన పాలిమర్ పొర. మెరుపు కాస్త గాజు మెరుపులా, కార్నూబా వెచ్చదనం లేకుండా ఉంటుంది. వేడిని, సబ్బును ఎక్కువ తట్టుకుంటుంది. సీసా మీద ఆరు నెలలని రాసి ఉంటే మన దగ్గర మూడు నాలుగు నెలలని లెక్కేసుకోండి. తయారీ సంస్థ లెక్క వేరే వాతావరణానిది. పల్చగా పూసి, వేలితో గీసి చూస్తే పొడిగా శుభ్రంగా వచ్చినప్పుడు తుడిచేయడమే. ఆ తర్వాత 12 గంటలైనా తడి తగలనీయకపోతే మంచిది. సీలెంట్ మీద కార్నూబా వేసుకోవచ్చు. కార్నూబా మీద సీలెంట్ పట్టదు, కింద నూనె ఉంటుంది కాబట్టి.

క్లీనర్ వ్యాక్స్ అనేది సన్నటి పాలిష్, వ్యాక్స్ ఒకే సీసాలో. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. నాలుగైదేళ్ల తెల్ల కారు లేదా వెండి రంగు కారు, గీతల గురించి పట్టింపు లేదు, ఒక్క పూటలో శుభ్రంగా మెరవాలి అనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి బేరం లేదు. అయితే ఇందులో రాపిడి ఉంది కాబట్టి నెలనెలా వాడేది కాదు, ఏడాదికి ఒకటి రెండుసార్లు. మధ్యలో మామూలు స్ప్రే వాడుకోవాలి.

స్ప్రేలలో ఇప్పుడు ఎక్కువగా అమ్ముడవుతున్నవి సిలికా కలిసినవి, సిరామిక్ స్ప్రే పేరుతో వచ్చేవి. టర్టిల్ వ్యాక్స్‌తో సహా చాలా సంస్థలు వీటిని అమ్ముతున్నాయి. కడిగి తుడిచాక కొట్టి, గుడ్డతో పరిచి, ఇంకో పొడి గుడ్డతో తుడిస్తే అయిపోయింది. గంటలోపు పని. ఓపిక తక్కువ ఉన్నవాళ్లు సీలెంట్ కొని అటక మీద పెట్టడం కన్నా ఇది కొని నెలకోసారి వాడటం మేలు.

ఇక అసలు సిరామిక్ కోటింగ్. చిన్న సీసా, సన్నటి గుడ్డ చుట్టిన స్పంజి, ఏళ్ల తరబడి నిలిచే పొర. నిజంగానే నిలుస్తుంది. కానీ కింద ఉన్న గీతలన్నిటినీ అలాగే లోపల పెట్టి మూత వేస్తుంది కాబట్టి ముందు పాలిష్, ఆల్కహాల్ తుడుపు తప్పనిసరి. పూసిన కొద్ది నిమిషాల్లోనే సమంగా తుడవకపోతే మచ్చలు గట్టిపడతాయి, మళ్లీ పాలిష్ చేసి తీయాల్సిందే. మే నెలలో విజయవాడలో, షెడ్డు లేని ఇంట్లో ఈ ప్రయోగం పెట్టుకోవద్దు. పూస్తుండగానే ఆరిపోతుంది. '9హెచ్ గట్టిదనం' అనే ప్రచారాన్నీ కాస్త తగ్గించి వినండి. అది పెన్సిల్ గట్టిదనపు కొలత. 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడలేదని మాత్రమే దాని అర్థం. తాళం చెవితో గీసినా, ఇసుక గుడ్డతో తుడిచినా గీత పడుతుంది. గ్రాఫీన్ అనే పేరు చేరిస్తే ధర పెరుగుతుంది, తుడిచే గుడ్డ అదే ఉంటే గీతలూ అవే.

బోరు నీళ్లవాళ్లకు సిరామిక్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఆ పొర మీద నీళ్లు గుండ్రటి ముత్యాలుగా నిలుస్తాయి. వీడియోల్లో చూడముచ్చటగా ఉంటుంది. ఆ ముత్యాలు ఎండలో ఆరితే ప్రతిదీ ఒక గట్టి తెల్ల మచ్చ. ఉప్పునీళ్లతో కడిగి, తుడవకుండా వదిలేసే అలవాటున్న ఇంట్లో సిరామిక్ వేయించడమంటే మచ్చలకు పీట వేయడమే. అలాంటివాళ్లకు నీటిని పొరగా జారవిడిచే మామూలు సీలెంట్ నయం. దాని మీద మచ్చ పడ్డా నాలుగు నెలలకు ఎలాగూ కొత్త పొర వేస్తారు. పీల్చే గుణమున్న పెద్ద ఆరబెట్టే తువ్వాలు ఒకటి కొని, కడిగిన వెంటనే ఆరబెట్టే ఓపిక ఉంటేనే సిరామిక్ వైపు వెళ్లండి.

షోరూమ్‌లో కారు తీసుకునేటప్పుడు అంటగట్టే టెఫ్లాన్ పూత గురించి ఒక్క మాట. పెనం మీద టెఫ్లాన్ అతుక్కోవాలంటే చాలా ఎక్కువ వేడిలో కాల్చాలి. పెయింటు వేసిన కారును అలా కాల్చలేరు. మీకు దక్కేది ఒక సీలెంట్ పూత. అది మీరు ఇంట్లో ఆ ధరలో చిన్న భాగానికే వేసుకోగలరు.

ఎవరికి ఏ జోడీ

కొత్త కారు, ఏ రంగైనా: పాలిష్ ఊసే వద్దు. కడిగి, సీలెంట్. నల్ల కారు కొన్నవాళ్లు తుడిచే ఏర్పాటు మొదటి రోజునే మార్చుకుంటే ఐదేళ్ల వరకు మెషిన్ అవసరం రాకపోవచ్చు.

ఆరుబయట, చెట్టు కింద నిలిపే కారుకు మెరుపు కన్నా రక్షణ ముఖ్యం. కానుగ, వేప నీడ చల్లగానే ఉంటుంది, కింద మాత్రం జిగురు, పిట్ట రెట్టలు. రెట్ట ఎండిపోతే గోకకండి. తడి గుడ్డ ఐదు నిమిషాలు కప్పి ఉంచి, మెత్తబడ్డాక ఎత్తేయండి. ఎండలో కాలుతున్న పెయింటు మీద అది కొన్ని గంటల్లోనే మచ్చ చేస్తుంది. సీలెంట్ ఉంటే మీకు దొరికేది ఇంకొన్ని గంటల గడువే. కోకాపేట, తెల్లాపూర్ వైపు భవన నిర్మాణాల మధ్య ఉండేవాళ్లు సిమెంటు దుమ్మును పొడిగా తుడవడం, తడి గుడ్డతో అలకడం రెండూ చేయకూడదు. పైపుతో ధారాళంగా నీళ్లు కొట్టి దించేయాలి.

సెల్లార్‌లో ఉండే ఐదారేళ్ల ముదురు రంగు కారు, టార్చి వెలుగులో వలయాలు నిండుగా: డీఏ మెషిన్‌కు సరైన అభ్యర్థి ఇదే. స్నేహితులు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి కొనుక్కుంటే ఖర్చు తేలికవుతుంది, ఏడాదిలో దాని పని కొద్ది రోజులే కదా. పాలిష్ తర్వాత సీలెంట్, మోజు ఉంటే పైన కార్నూబా.

సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడల్లో వారానికోసారి మంచినీళ్లతో కడగడం ఏ పూత కన్నా ఎక్కువ పని చేస్తుంది. చికాగో, డెట్రాయిట్ వైపు ఉండే మనవాళ్లకు ఇదే ఉప్పు చలికాలంలో రోడ్ల మీదికి వస్తుంది. అక్కడ మంచు మొదలయ్యే ముందు, అక్టోబరులో, సీలెంట్ వేసుకోవాలి. గడ్డకట్టే చలిలో పూత పట్టదు.

ఏ జోడీ ఎంచుకున్నా పని పొద్దున్నే, నీడలో, రేకు మీద చెయ్యి పెడితే చల్లగా ఉన్నప్పుడే. బట్టల సబ్బు పొడి, గిన్నెల లిక్విడ్ దగ్గరికి రానీయకండి, నాలుగు నెలల సీలెంట్‌ను వారాల్లో కడిగేస్తాయి. నేల మీద పడ్డ మైక్రోఫైబర్ గుడ్డ ఉతికే వరకు పెయింటుకు తగలకూడదు. నల్ల ప్లాస్టిక్ బంపర్లకు వ్యాక్స్ అంటితే తెల్లగా ఎండి వదలదు. కొబ్బరినూనె రాస్తే నల్లబడుతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు, నల్లబడే మాట నిజమే, సాయంత్రానికి ఊరి దుమ్మంతా దానికే పట్టుకునే మాటా నిజమే.

దెబ్బ తగిలి ఈ మధ్యే పెయింటు వేయించిన తలుపో బంపరో ఉంటే దాని మీద వ్యాక్స్, సీలెంట్ వెంటనే వేయకండి. కొత్త పెయింటులోని ద్రావకాలు ఆవిరి కావాలి. ఎన్నాళ్లు ఆగాలో వేసినవాళ్లనే అడగండి, చాలామంది ఒకటి నుంచి మూడు నెలలు చెబుతారు. ఆ భాగం మీద క్లియర్ కోట్ ఫ్యాక్టరీ మందంలో ఉండదు, ఎక్కువైనా ఉండవచ్చు, తక్కువైనా ఉండవచ్చు. మెషిన్ పెట్టాల్సి వస్తే ఆ తలుపు దగ్గర ఒక విడత తక్కువే చేయండి. మ్యాట్ పెయింటు (మెరుపు లేకుండా వేసే పెయింటు) కారైతే ఈ పాలిష్‌లూ వ్యాక్స్‌లూ ఏవీ తగలకూడదు. ఒక్కసారి మెరిసిన మ్యాట్ మళ్లీ మ్యాట్ కాదు. దానికి విడిగా అమ్మే షాంపూ, సీలెంట్ మాత్రమే వాడాలి.